మందుల లెక్క రిజిస్టర్ నుంచి కంప్యూటర్‌లోకి: జిల్లాలో ఈ పని మొదలుపెట్టేవారికి

మీ జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రుల మందుల లెక్కను రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌లోకి మార్చే పని మీకు అప్పగించారనుకుందాం. లేదా సాఫ్ట్‌వేర్ ఎప్పుడో వచ్చింది, కానీ అందులో కనిపించే అంకెను ఎవరూ నమ్మడం లేదు, దాన్ని దారిలో పెట్టమన్నారు. మన దగ్గర ఈ రెండోదే ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారు చేసిన మందుల స్టాక్ సాఫ్ట్‌వేర్ ఈ-ఔషధి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాడుకలో ఉంది. టీకాల స్టాక్ కోసం 2015లో దేశంలో ఈవిన్ అనే కంప్యూటర్ వ్యవస్థ మొదలైంది. కాబట్టి చాలామందికి సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పని ఉండదు. వచ్చినదాన్ని నడిపించే పనే ఉంటుంది.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో ఫార్మసిస్టుగా చేరి, తర్వాత జిల్లా మందుల స్టోర్‌లో పనిచేశాను. ఇలాంటి మార్పును రెండుసార్లు దగ్గరుండి చూశాను. మొదటిసారి ఆరు నెలలకే అందరూ మళ్లీ రిజిస్టర్లు తెరిచారు. రెండోసారి నిలబడింది. రెండుసార్లూ వాడిన సాఫ్ట్‌వేర్ దాదాపు ఒకటే. మేం పని చేసిన వరస మారింది, అంతే. ఆ వరసనే కింద రాస్తున్నాను. చదివేటప్పుడు ఒక్క మాట మనసులో పెట్టుకోండి: ఎంట్రీ చేసిన ఫార్మసిస్టుకి ఆ ఎంట్రీ వల్లే మందు రావాలి. అలా వచ్చినన్నాళ్లు ఎంట్రీ ఆగదు. రాకపోతే ఎన్ని సర్క్యులర్లు పంపినా ఆగిపోతుంది.

మొదట ఒక మందు వెంట నడవండి

కంప్యూటర్ జోలికి వెళ్లకముందు ఒక మందును ఎంచుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అనుకోండి. అది కంపెనీ లారీలో జిల్లా స్టోర్‌కు వచ్చిన దగ్గర్నుంచి పేషెంట్ చేతికి వెళ్లేదాకా ఎక్కడెక్కడ ఆగుతుందో మీరే వెళ్లి చూడండి. స్టోర్‌లో దించుకుంటారు, చలానాతో సరిచూస్తారు, శాంపిల్ ల్యాబ్‌కి పంపుతారు. రిపోర్టు వచ్చేదాకా ఆ పెట్టెలు పక్కన ఉంటాయి. తర్వాత ఇండెంట్ (మాకివి కావాలని కేంద్రం పంపే జాబితా) ప్రకారం పీహెచ్‌సీకి వెళతాయి. అక్కడ ఫార్మసీ కౌంటర్‌కి, మరికొన్ని ఏఎన్‌ఎం ద్వారా సబ్ సెంటర్‌కి. ప్రతి మజిలీలో మూడు విషయాలు రాసుకోండి: ఏ కాగితం మీద రాస్తున్నారు, సంతకం ఎవరిది, ఎన్ని రోజులు ఆగుతోంది.

దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. దండగ అనుకోకండి. ఎక్కడా రాయని సంగతులు ఈ నడకలోనే బయటపడతాయి. మాకు బయటపడినవాటిలో ముఖ్యమైనది చేబదులు. ఒక పీహెచ్‌సీలో యాంటీబయాటిక్ అయిపోతే పక్క పీహెచ్‌సీ ఫార్మసిస్టుకి ఫోన్ చేసి నాలుగు పెట్టెలు తెప్పించుకుంటారు. స్టాక్ వచ్చాక తిరిగి ఇచ్చేస్తారు. పేషెంట్ ఖాళీ చేతులతో వెళ్లకుండా కాపాడేది చాలాసార్లు ఈ చేబదులే. దాన్ని నిషేధిస్తే దొంగచాటుగా జరుగుతుంది, లెక్క తప్పుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి బదిలీ చేసే ఆప్షన్ ఉంటే దాన్ని ఫార్మసిస్టు స్థాయిలోనే తెరిపించండి. దానికి జిల్లా ఆఫీసు అనుమతి కావాలని పెడితే ఎవరూ వాడరు.

పేర్లు, కొలతలు

తర్వాత మందుల జాబితా. ఇక్కడ తొందరపడితే ఏళ్ల తరబడి బాధపడాలి.

ఒకే పారాసిటమాల్ 500 ఎంజీ జాబితాలో మూడు పేర్లతో ఉండొచ్చు. ఒకచోట పూర్తి పేరు, ఒకచోట పీసీఎం, ఒకచోట పాత టెండర్ నాటి కోడ్. మూడింటిలో ఒకదాని కింద పదివేలు, మిగతా రెండింటి కింద సున్నా కనిపిస్తుంది. కోడ్ చూసి ఇండెంట్ పెట్టిన ఫార్మసిస్టుకి ‘స్టాక్ లేదు’ అని జవాబు వస్తుంది. మందేమో అదే స్టోర్‌లో ర్యాక్ మీద ఉంటుంది. ఇలాంటి జంట పేర్లన్నీ ఏరి, ఒక్కో మందుకి ఒక్క కోడ్ మాత్రమే మిగిల్చండి. ఈ పని కంప్యూటర్ ఆపరేటర్‌కి వదిలేయకండి. సీనియర్ ఫార్మసిస్టు ఒకరు పక్కన కూర్చోవాల్సిందే. ఒక సిరప్‌కీ అదే పేరున్న డ్రాప్స్‌కీ తేడా తెలిసిన కళ్లు కావాలి.

కొలత ఇంకా ప్రమాదకరం. పది మాత్రల స్ట్రిప్పులు పది కలిస్తే ఒక పెట్టె, అంటే 100 మాత్రలు. జిల్లా స్టోర్ పెట్టెల్లో ఇస్తుంది, ఫార్మసిస్టు స్ట్రిప్పుల్లో లెక్కపెడతారు, పేషెంట్‌కి మాత్రల్లో ఇస్తారు. 50 అని టైప్ చేస్తే అది ఏమిటి? 50 మాత్రలా, 500లా, 5,000లా? ‘అన్నీ మాత్రల్లోనే, సిరప్పులు సీసాల్లోనే, ఇంజెక్షన్లు వయల్ లేదా ఆంపుల్‌లోనే’ అని ఒకటే నియమం పెట్టి, ఎ4 కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో ప్రింట్ తీసి ప్రతి కంప్యూటర్ పక్కన అంటించండి. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, మా దగ్గర తప్పుల్లో సగానికి పైగా దీనితోనే పోయాయి.

లెక్కపెట్టడం

ఓపెనింగ్ బ్యాలెన్స్, అంటే కంప్యూటర్‌లో మొదట ఎక్కించే స్టాక్ అంకె, తప్పైతే ఆ మీద చేసే ప్రతి ఎంట్రీ తప్పే. పాత రిజిస్టర్‌లో చివరి అంకెను తీసుకొచ్చి ఎక్కించకండి. ర్యాక్ దగ్గర నిలబడి చేత్తో లెక్కపెట్టాలి.

ఒక రోజు నిర్ణయించండి. నెల మొదటి తారీఖు ఆదివారమైతే మరీ మంచిది, ఓపీ ఒత్తిడి ఉండదు. ఆ రోజు స్టాక్ దించుకోవడం, ఇవ్వడం ఆపాలి. ఎమర్జెన్సీకి ఇచ్చినవి ఒక తెల్లకాగితం మీద రాసుకుంటే చాలు. ఇద్దరు ఉండాలి: ఒకరు లెక్కపెట్టి గట్టిగా చెబుతారు, ఒకరు రాస్తారు. రాసేవారికి పాత రిజిస్టర్ అంకె కనిపించకూడదు. కనిపిస్తే తెలియకుండానే చెయ్యి ఆ అంకె వైపే పోతుంది. మందు పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ నెల, ఎన్ని. ఒకే మందుకు మూడు బ్యాచ్‌లుంటే మూడు లైన్లు.

ఎక్స్‌పైరీ అయినవి తప్పకుండా దొరుకుతాయి. ఇది ఈ మొత్తం పనిలో కొంచెం సున్నితమైన ఘట్టం. ఎక్స్‌పైరీ మందు దొరికితే రికవరీ పెడతారేమో, అంటే ఆ ఖరీదు తన జీతంలో కోస్తారేమో అని ఫార్మసిస్టుకి టెన్షన్. అందుకే కొందరు అట్టపెట్టెల్ని వెనక గదిలోకి తోసేస్తారు. లెక్కింపుకి ముందే జిల్లా అధికారి సంతకంతో ఒక మెమో తెప్పించండి: ‘ఈ మొదటి లెక్కింపులో బయటపడిన తేడాలకూ ఎక్స్‌పైరీలకూ ఎవరి మీదా చర్య ఉండదు, అవి విడిగా నమోదు చేసి నిబంధనల ప్రకారం తొలగిస్తాం’ అని. మొదటిసారి మేం ఈ మెమో తీసుకోలేదు. ఒక కేంద్రంలో రిజిస్టర్‌లో ఉన్న అంకె, కంప్యూటర్‌లో ఎక్కించిన అంకె ఒక్క మాత్ర తేడా లేకుండా సరిపోయాయి. మేం మెచ్చుకున్నాం కూడా. మూడు నెలల తర్వాత వెళ్లి ర్యాక్ చూస్తే అక్కడ మందులే లేవు. ఆ ఫార్మసిస్టు చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. ఆ భయాన్ని ముందే తీయకపోవడం మా తప్పు.

ఎక్కడ మొదలుపెట్టాలి

జిల్లా అంతా ఒకే రోజు ప్రారంభించమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. వీలైనంత వరకు ఒప్పుకోకండి. జిల్లా స్టోర్, దానికింద ఐదారు పీహెచ్‌సీలతో ఆరు వారాలు నడపండి. ఆ ఐదారూ బాగా నడిచేవే తీసుకోకండి. ఒకటి టౌన్ పక్కది, ఒకటి ఓపీ విపరీతంగా ఉండేది, ఒకటి ఫార్మసిస్టు పోస్టు ఖాళీగా ఉండి స్టాఫ్ నర్సు మందులు ఇచ్చేది, ఒకటి సిగ్నల్ సరిగా రానిది.

సిగ్నల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాడేరు, చింతూరు, ఏటూరునాగారం వైపు ఏజెన్సీ గ్రామాల్లో పనిచేసినవారికి ఇది చెప్పక్కర్లేదు. ‘అన్ని పీహెచ్‌సీల్లో నెట్ ఉంది’ అనే రిపోర్టును నమ్మకుండా, ఫార్మసీ గదిలో నిలబడి, మధ్యాహ్నం పన్నెండు గంటలకు, నిజంగా ఒక ఎంట్రీ సేవ్ చేసి చూడండి. మెడికల్ ఆఫీసర్ గదిలో వచ్చే నెట్ వెనక ఉన్న ఫార్మసీలో రాకపోవచ్చు. ఫోన్లో ఎంట్రీ చేసి తర్వాత పంపే వీలుంటే అది వాడండి. లేనిచోట రోజువారీ ఎంట్రీ అడగకండి. వారానికోసారి, సంత రోజునో మండల కేంద్రానికి వచ్చే రోజునో చేయనివ్వండి. వారానికోసారి వచ్చే నిజమైన లెక్క రోజూ వచ్చే తప్పుడు లెక్క కన్నా చాలా నయం.

పల్స్ పోలియో వారం, బదిలీల సీజన్, జులై నుంచి సెప్టెంబర్ దాకా జ్వరాల ఒత్తిడి. ఈ రోజుల్లో ప్రారంభం పెట్టుకోవద్దు.

శిక్షణ

జిల్లా కేంద్రంలో హాలు తీసుకుని, 100 మందిని కూర్చోబెట్టి, ప్రొజెక్టర్ మీద చూపించి, భోజనం పెట్టి పంపితే ఎవరికీ ఏమీ రాదు. ఆ డబ్బుతో ఇద్దరు మంచి ఫార్మసిస్టులను నెల రోజులు ఊరూరూ తిప్పండి. ఒక ఫార్మసిస్టు చెబితే ఇంకో ఫార్మసిస్టు వింటాడు. ‘అన్నా, ఇక్కడ నేనూ ఇలాగే ఇరుక్కున్నా’ అన్న మాటతో సగం భయం పోతుంది.

నేర్పేవి మూడే: వచ్చిన స్టాక్ తీసుకోవడం, ఇచ్చింది రాయడం, నెలాఖరున లెక్కపెట్టి సరిచూడటం. మిగతా మెనూలు తర్వాత. వాళ్ల స్టాక్‌తోనే, వాళ్ల కంప్యూటర్ మీదే చేయించండి. ప్రతి కేంద్రంలో ఇద్దరికి, ఎవరి లాగిన్ వారికి ఇవ్వాలి. ఒకే పాస్‌వర్డ్ గోడ మీద రాసి ఉంటే, సెలవులో ఉన్న మనిషి పేరు మీద తప్పు పడుతుంది. తర్వాత ఎవరూ కంప్యూటర్ ముట్టుకోరు.

ఇంకో మాట. కౌంటర్‌లో ఒక్క మనిషి ఉండి రోజుకి 200 మందికి మందులిస్తుంటే, పేషెంట్ పేషెంట్‌కీ ఎంట్రీ చేయమనడం అన్యాయం. లైన్ పెరుగుతుంది, జనం తిడతారు. అలాంటిచోట సాయంత్రం ఆ రోజు మొత్తం ఖర్చును మందులవారీగా ఒకేసారి ఎక్కించనివ్వండి.

పాత రిజిస్టర్ మూసే రోజు

రిజిస్టరూ కంప్యూటరూ కలిసి నడిచే కాలం రెండు నెలలు మించకూడదు. మించితే మనిషి రిజిస్టర్‌నే నమ్ముతాడు, కంప్యూటర్‌లో ఎంట్రీ నెలాఖరుకి ఒక మొక్కుబడి అవుతుంది. కానీ ఫార్మసిస్టు రిజిస్టర్ మూయనంటే దానికి కారణం ఉంది: ఆడిట్. ఆడిట్ వాళ్లు వచ్చి స్టాక్ బుక్ అడిగితే ఏం చూపించాలి? ఈ ప్రశ్నకు మీరు ముందే కాగితం మీద జవాబు తెచ్చిపెట్టాలి. నెలాఖరున సిస్టమ్ నుంచి తీసిన ప్రింటవుట్ మీద ఫార్మసిస్టు, మెడికల్ ఆఫీసర్ సంతకం చేస్తే అదే స్టాక్ బుక్‌గా చెల్లుతుందని ఆడిట్ విభాగం సమ్మతితో ఉత్తర్వు రావాలి. ఈ ఒక్క ఉత్తర్వు కోసం మేం నాలుగు నెలలు తిరిగాం. సాఫ్ట్‌వేర్ పనులన్నీ పక్కనపెట్టి ఈ పని మొదటి వారంలోనే మొదలుపెట్టండి.

ఇండెంట్ లెక్క: ఫార్మసిస్టుకి లాభం కనిపించే చోటు

తమిళనాడులో 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక కార్పొరేషన్ ఏర్పడింది. అక్కడ ఒక్కో ఆసుపత్రికి పాస్‌బుక్ ఇచ్చారు. మీ ఖాతాలో ఇంత విలువ ఉంది, మీకు కావాల్సిన మందులు మీరు తీసుకోండి అని. స్టోర్ పంపింది మాత్రమే తీసుకునే పద్ధతికి ఇది చాలా దూరం. మన దగ్గర కంప్యూటర్ వచ్చాక కూడా గత ఏడాది ఇచ్చిందే మళ్లీ పంపితే, ఎంట్రీ చేసి ఫలితమేమిటి?

కాబట్టి ఎంట్రీల నుంచే ఇండెంట్ రావాలి. కానీ ఇక్కడ ఒక పెద్ద తప్పు దాగి ఉంటుంది. ఉదాహరణకు ఒక పీహెచ్‌సీ మూడు నెలల్లో, అంటే 90 రోజుల్లో, 6,000 అమ్లోడిపిన్ మాత్రలు ఇచ్చింది. నెలకు 2,000 చొప్పున వాడకం అని సిస్టమ్ చూపిస్తుంది. కానీ ఆ 90 రోజుల్లో 30 రోజులు మందే లేదు. ఇచ్చింది 60 రోజుల్లోనే. అంటే రోజుకి 100, నెలకు 3,000. సిస్టమ్ అంకెను నమ్మి 2,000 చొప్పున పంపితే ప్రతి మూడు నెలల్లో మళ్లీ 30 రోజులు బీపీ మందు ఉండదు. కొరత కొరతనే పెంచుతూ పోతుంది. మీ సాఫ్ట్‌వేర్ స్టాక్ లేని రోజులను తీసేసి సగటు లెక్కిస్తుందో లేదో మొదటి వారంలోనే పరీక్షించండి. లెక్కించకపోతే జిల్లా స్టోర్‌లో ఎవరో ఒకరు ఎక్సెల్‌లో చేయాలి.

నెల అవసరం తెలిశాక మిగతాది తేలిక. మూడు నెలలకు 9,000 కావాలి. చేతిలో 2,500 ఉన్నాయి, 1,000 దారిలో ఉన్నాయి. ఇండెంట్ 5,500. వాగులు పొంగి దారులు మూసుకుపోయే ఏజెన్సీ కేంద్రాలకు వానాకాలం ముందే అదనంగా ఇవ్వాలి. పాముకాటు మందు, ఓఆర్‌ఎస్, మలేరియా మాత్రలకు గత మూడు నెలల సగటు పనికిరాదు. గత ఏడాది అదే నెలల లెక్క చూడాలి. పొలం పనులు మొదలయ్యాక పాముకాట్లు పెరుగుతాయని కంప్యూటర్‌కి మనం చెబితేనే తెలుస్తుంది.

మొదటి ఇండెంట్ పెట్టిన కేంద్రాలకు ఆ మందులు ఎట్టిపరిస్థితుల్లోనూ టైమ్‌కి వెళ్లేలా మీరు స్టోర్‌లో కూర్చుని చూసుకోండి. మాకు రెండోసారి పని నిలబడింది ఇక్కడే. సిగ్నల్ రాని పీహెచ్‌సీ స్టాఫ్ నర్సు ఒకామె, ‘సార్, మేం అడిగినవే వచ్చాయి’ అని ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత ఆమె ఎంట్రీ ఒక్క వారం కూడా తప్పలేదు.

బ్యాచ్ నంబర్ ఎందుకంత ముఖ్యం

బ్యాచ్ నంబర్ టైప్ చేయడం విసుగు. అయినా వదలకూడదు. ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు ఇవ్వడానికి అదే ఆధారం. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ప్రతి నెలా నాణ్యత లేవని తేలిన మందుల జాబితా విడుదల చేస్తుంది. అందులో మీ బ్యాచ్ ఉంటే అది ఏయే పీహెచ్‌సీల్లో ఉందో పది నిమిషాల్లో తెలియాలి. ప్రారంభించిన రెండో నెలలో ఒక మాక్ రీకాల్ చేయండి: ఏదో ఒక బ్యాచ్ తీసుకుని, అది ఎక్కడెక్కడ ఉందో సిస్టమ్‌లో వెతికి, ఆ కేంద్రాలకు ఫోన్ చేసి ర్యాక్ మీద ఉందో లేదో చూడమనండి. ఎక్కడ తెగిపోతుందో తెలుస్తుంది.

టీకాలు

టీకాల దగ్గర ఎన్ని ఉన్నాయన్న లెక్క ఒక్కటే చాలదు, చల్లదనం కూడా లెక్కే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికి పాడవుతాయని అందరికీ తెలుసు. గడ్డకడితే పెంటావాలెంట్, హెపటైటిస్ బి లాంటివి పనికిరాకుండా పోతాయన్నది మాత్రం కొత్తవారు మర్చిపోతుంటారు. ఈవిన్‌లో ఫ్రిజ్‌కి పెట్టిన సెన్సార్ ఉష్ణోగ్రతను పంపిస్తూ ఉంటుంది, హద్దు దాటితే ఫోన్‌కి అలర్ట్ వస్తుంది.

అలర్ట్ వచ్చాక ఎవరేం చేయాలో రాసిపెట్టకపోతే అది ఇంకో మెసేజ్‌గా మిగిలిపోతుంది. రాత్రి రెండు గంటలకు అలర్ట్ వస్తే తాళం ఎవరి దగ్గర ఉంది? ఆ మనిషి ఊళ్లో లేకపోతే రెండో తాళం ఎవరిది? టీకాలు మార్చాల్సి వస్తే దగ్గర్లోని ఏ కేంద్రానికి, ఏ బండిలో? ఈ జవాబులు పేర్లతో, ఫోన్ నంబర్లతో ఫ్రిజ్ మూత మీదే అంటించండి. కరెంటు పోయిన వెంటనే కంగారుపడి మూత తెరవొద్దని కూడా రాయండి. ఐఎల్‌ఆర్ (టీకాలు పెట్టే ఫ్రిజ్) మూసి ఉంటే లోపలి చల్లదనం గంటల తరబడి నిలుస్తుంది.

నెలవారీ సమీక్ష ఎలా చేయాలి

నాలుగు అంకెలు చూడండి: ముఖ్యమైన మందులు ఎన్ని రోజులు లేవు, ఎక్స్‌పైరీ అయినవాటి విలువ ఎంత, ఎంట్రీ టైమ్‌కి చేసిన కేంద్రాలెన్ని, ర్యాక్‌కీ స్క్రీన్‌కీ తేడా ఎంత. చివరిది తెలియాలంటే ఎవరో వెళ్లాలి. నెలకు నాలుగైదు కేంద్రాలకు చెప్పకుండా వెళ్లి, ఏవో పది మందులు లెక్కపెట్టి, సిస్టమ్‌తో పోల్చండి. అరగంట పని.

మీటింగ్‌లో ఎర్రరంగు కనబడిన కేంద్రాన్ని అందరి ముందూ తిడితే ఏమవుతుందో నేను చూశాను. మరుసటి నెల నుంచి ఒక్క మందు కూడా సున్నాకి రాలేదు. అన్నీ ఒక్కొక్క మాత్ర దగ్గర ఆగాయి. సున్నా అయితేనే ఎర్రరంగు వస్తుందని అందరూ కనిపెట్టేశారు. స్క్రీన్ అంతా పచ్చగా ఉంది, ఊళ్లో జనం షుగర్ మాత్రలు బయట కొనుక్కుంటున్నారు. అందుకే సమీక్షలో మొదటి ప్రశ్న కేంద్రానికి వేయకండి, స్టోర్‌కి వేయండి: ‘వీళ్లు ఇండెంట్ పెట్టి ఎన్ని రోజులైంది, ఎందుకు వెళ్లలేదు?’ పైగా సున్నా దగ్గర కాకుండా, పదిహేను రోజులకు సరిపడా స్టాక్ మిగిలినప్పుడే హెచ్చరిక వచ్చేలా సెట్టింగ్ మార్పించండి.

బదిలీ అయినప్పుడు

అన్నీ సాఫీగా నడుస్తున్న కేంద్రం ఫార్మసిస్టు బదిలీ అయిన వారంలోనే పాడవుతుంది. పాత మనిషి ఛార్జ్ ఇచ్చే రోజు ఇద్దరూ కలిసి మళ్లీ మొత్తం లెక్కపెట్టాలి, సిస్టమ్‌తో సరిచూడాలి, తేడా ఉంటే అదే రోజు కారణం రాసి సరిచేసి ఇద్దరూ సంతకం చేయాలి. పాత లాగిన్ ఆ సాయంత్రమే ఆపించి, కొత్త మనిషికి కొత్తది ఇవ్వాలి. పెండింగ్ ఇండెంట్లు, పక్క పీహెచ్‌సీలకు తిరిగివ్వాల్సిన చేబదులు ఒక కాగితం మీద రాయించండి. ఊరూరూ తిరిగి నేర్పిన ఆ ఇద్దరు ఫార్మసిస్టుల్లో ఒకరిని, కొత్తగా వచ్చిన మనిషి దగ్గరికి మొదటి వారంలో ఒక్క రోజైనా పంపించండి.